ఊడని అతుకు

"దీన్నెవరూ కొయ్యలేదు ఇన్‌స్పెక్టర్ గారూ. నెలల తరబడి విరుగుతూ వచ్చింది. మొన్న పొద్దున విరగడం పూర్తయింది, అంతే."

డిటెక్టివ్ ఆ మాట అన్నది నేల మీద బోర్లా పడుకుని. యాభై దాటిన మనిషి, మోకాళ్లు సహకరించవు, చీర కొంగు నడుముకి బిగించి ఒక చేత్తో భూతద్దం, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుంది. ఆమె ముఖానికి జానెడు దూరంలో క్రేన్ దూలం విరిగిన అంచు ఉంది.

మొన్న పొద్దున ఆ షెడ్లో, పైన పట్టాల మీద నడిచే రెండు క్రేన్లలో ఒకదాని ఉక్కు దూలం, బరువు ఎత్తుతూ ఎత్తుతూ నడిమికి విరిగి కూలిపోయింది. దానికి వేలాడే క్యాబిన్లో కూర్చుని నడుపుతున్న ఆపరేటరు అక్కడికక్కడే పోయాడు. సాయంత్రానికల్లా ఇన్‌స్పెక్టరు అదే షెడ్లో పనిచేసే వెల్డరుని జీపెక్కించాడు. పోయినవాడు ఆ వెల్డరుకి సొంత బావమరిది. తమ్ముడి కోసం ఏడవాలో, మొగుడి కోసం ఏడవాలో తెలియక ఆ ఇంటి ఇల్లాలు గోడ చూస్తూ కూర్చుంది. డిటెక్టివ్‌ని పిలిపించింది వాళ్ల కూతురు. తండ్రి దగ్గరే వెల్డింగ్ నేర్చుకుని, శిక్షణ కేంద్రంలో సర్టిఫికెట్టు తెచ్చుకుని, అదే షెడ్లో చేరిన పిల్ల.

"నెలల తరబడి విరగడమేంటి మేడమ్?" ఇన్‌స్పెక్టరుకి నవ్వొచ్చింది. "ఉక్కుకేమైనా రోగమా?"

"రోగమే. అలసట. ఇటు వంగండి. యూనిఫాం నలిగితే ఇస్త్రీ చేయించుకోవచ్చు."

అతను వంగాడు. నిజం చెప్పాలంటే అతను తెలివితక్కువవాడేమీ కాదు. తను పట్టుకున్న కుందేటికి మూడే కాళ్లనే రకం, అంతే.

"ఈ నున్నటి మేర చూడండి, నల్లబడి ఉంది. ఆల్చిప్ప మీద ఉండే గీతల్లాంటివి కనిపిస్తున్నాయా? పగులు కొంచెం పాకి, ఆగి, మళ్లీ పాకిన గుర్తులవి. ఈ తుప్పు రెండ్రోజుల్లో పట్టేది కాదు. మిగతా ముక్క చూడండి, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. మొన్న ఒక్కసారిగా తెగింది ఆ కాస్తే. మీరన్నట్టు వెల్డరు ముందురోజు పైకెక్కి గ్యాస్ కట్టరుతో కోసి ఉంటే అంచు కరిగి మైనం కారినట్టు ఉండాలి. ఎక్కడుంది?"

"సుత్తితో కొట్టి చెరిపేశాడు," ఇన్‌స్పెక్టరు తడుముకోకుండా అన్నాడు. "మీరు ఉక్కుతో కబుర్లు చెప్పుకుంటున్నారు, నేను మనుషులతో మాట్లాడాను. ముందురోజు బావా బావమరుదులు అందరి ముందూ కొట్టుకున్నంత పని చేశారు. 'రేపు ఆ క్రేన్ ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతా' అన్నాడు మీ అమాయకుడు. ఏమయ్యా, స్టోర్‌కీపరూ, నువ్వు చూసింది చెప్పు మేడమ్ గారికి."

స్టోర్‌కీపరు రెండ్రోజులుగా ఇదే కథ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు. "దూలం పడగానే మేమంతా క్యాబిన్ వైపు పరిగెత్తాం మేడమ్. అతను మాత్రం సుత్తి పట్టుకుని ఇటు పరిగెత్తాడు. ఇదిగో, ఈ విరిగిన చోటే నాలుగు దెబ్బలు వేశాడు. ఏదో తీసి సంచిలో వేసుకున్నాడు. ఆ తర్వాతే అటొచ్చి బావమరిది కాళ్ల మీద పడి ఏడ్చాడు."

"ముందు సుత్తి, తర్వాత ఏడుపు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంకేం కావాలి?"

ఆ మాట డిటెక్టివ్‌కీ ముల్లులా గుచ్చుకుంది. క్యాబిన్లో పడి ఉన్న సొంత మనిషిని వదిలేసి ఇనుము దగ్గరికి ఎవరు పరిగెత్తుతారు? మోచేతుల మీద పాకుతూ దూలం అడుగు భాగం చేరింది. అక్కడ సుత్తి దెబ్బలు నిజంగానే ఉన్నాయి. అయితే అవి దూలం మీద పడ్డ దెబ్బలు కావు. అరచేయంత ఇనప పలక ఒకదాన్ని ఎవరో ఎప్పుడో అక్కడ వెల్డింగ్ చేశారు. ఆ పలకని కొట్టి ఊడదీశారు. దాని చుట్టూ వేసిన వెల్డింగు గీత మాత్రం సగం అలాగే మిగిలింది. గీత పక్కన దూలం పసుపురంగు కాలి బుడగలు కట్టి ఉంది. టార్చి ఇంకాస్త దగ్గరికి తెచ్చింది. ఆల్చిప్ప గీతలన్నీ వెనక్కి వెనక్కి వెళ్లి ఒకే ఒక చోట కలుస్తున్నాయి. ఆ చోటు సరిగ్గా ఆ వెల్డింగు గీత అంచు.



పాతికేళ్ల కిందట డిటెక్టివ్ ఉద్యోగం ఒక ప్రయోగశాలలో. వెల్డింగు చేసిన ఉక్కు ముక్కల్ని యంత్రంలో బిగించి, లాగి వదిలి, లాగి వదిలి, లక్షలసార్లు లాగి వదిలి, ఏది ఎన్నాళ్లకి అలిసిపోయి విరుగుతుందో చూడటమే పని. మొదటి నెల్లోనే ఆమె నమ్మకాలన్నీ తలకిందులయ్యాయి. ఉక్కు గట్టిదా మెత్తదా అన్నది పెద్ద లెక్కలోకి రాలేదు. వెల్డింగ్ ఎక్కడ ఆగుతుందో ఆ అంచు దగ్గరే ప్రతి పగులూ పుట్టింది. బరువేమీ మొయ్యని చిన్న పలకని తెచ్చి అతికిస్తే చాలు, ఎన్నో ఏళ్లు బతకాల్సిన దూలం ఏడాదిలో కూలబడేది.

"ఇక్కడేముండేదయ్యా?"

స్టోర్‌కీపరు బుర్ర గోక్కున్నాడు. "దీపం మేడమ్. కిందికి వెలుగు పడేలా. ఎవరు పెట్టారో తెలీదు. కొక్కెం బాగా కనిపిస్తోంది కదా అని మేమూ అడగలేదు."

"దీపం!" ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ పైకెత్తాడు. "వేల కిలోలు ఎత్తే దూలాన్ని ఒక దీపం విరిచిందట. కోర్టులో చెప్పండి మేడమ్, జడ్జిగారికి కాస్త నవ్వుకునే భాగ్యం కలుగుతుంది."

"కోర్టులోనే చెప్తాను. అందాకా ఈ రెండు ముక్కల మీదా చెయ్యి పడకూడదు."

"మధ్యాహ్నం తీసేస్తున్నారు. ఫోటోలు తీయించాను, రిపోర్టు రాశాను. షెడ్డు మూతపడిందని యజమాని నా మీద పడి ఏడుస్తున్నాడు."

"విరిగిన అంచు దేనికైనా రాసుకుంటే ఆ గీతలు పోతాయి. ఒక మనిషి మెడకి ఉరితాడు పడుతుంది."

"పడాల్సినవాడికే పడుతుంది," అంటూ ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకున్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది. నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసింది కూడా. అతను వినిపించుకోకుండా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ వెళ్లిపోయాడు.

*

స్టేషన్ మెట్ల మీద కూతురు కూర్చుని ఉంది. ఒళ్లో తండ్రి కోసం తెచ్చిన అన్నం క్యారేజీ. దాన్ని లోపలికి పోనివ్వలేదు. డిటెక్టివ్‌ని చూడగానే లేచి నిలబడింది. "ఏమైనా తెలిసిందా మేడమ్?"

"మీ నాన్న దూలం కొయ్యలేదని తెలిసింది. మిగతాది ఆయన్ని అడిగి వస్తాను."

ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది. రెండ్రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టుంది.

లోపల వెల్డరు గోడకి చేరగిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా, ముఖం పీక్కుపోయి ఉంది. డిటెక్టివ్ కటకటాల ఇవతల స్టూలు లాక్కుని కూర్చుంది.

"బావమరిదితో గొడవెందుకు?"

"వాడికి చూపు ఆనట్లేదమ్మా. దాచుకుని నెట్టుకొస్తున్నాడు. మొన్నామధ్య కొక్కెం ఒకడి నెత్తి మీదికి దించబోయాడు. మానెయ్యరా అంటే, మానేస్తే తినేదేంటి బావా అన్నాడు. కోపం ఆపుకోలేక నోరు పారేసుకున్నాను."

"సుత్తితో ఏం ఊడగొట్టారు?"

అతను తల తిప్పుకున్నాడు.

"దీపం పెట్టిన పలకేగా?"

ఆ ఒక్క మాటకి అతను నిలువునా కదిలిపోయాడు. కటకటాల దగ్గరికి వచ్చి, రెండు చేతులా ఊచలు పట్టుకున్నాడు. "నేనే పెట్టానమ్మా. వాడికి కింద కనపడాలని నేనే పెట్టాను. దూలం నడిమికి, అడుగు పక్కన, అసలు నిప్పు తగలనివ్వకూడని చోట పెట్టాను. కూలిన చోటు చూడగానే తెలిసిపోయింది, దానివల్లే విరిగిందని. అందుకే ఊడగొట్టాను. రాసుకోండి. నేనే చంపాను నా బావమరిదిని."

డిటెక్టివ్ బిత్తరపోయింది. ఒప్పుకోలు ఇంత సులువుగా చేతికొస్తుందని ఆమె అనుకోలేదు. నేరస్థులు మెలికలు తిరగడం చూసింది, బుకాయించడం చూసింది. ఇలా ఎదురొచ్చి మెడ పెట్టినవాణ్ణి మాత్రం అరుదుగా చూసింది. అలాంటి ప్రతివాడి వెనకా ఇంకొకరు ఉంటారని కూడా ఆమెకి తెలుసు.

"దూలానికి పసుపు రంగు వేశారు కదా, అంతకు ముందు పెట్టారా, తర్వాతా?"

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "ముందే. ముందు పెట్టాను, తర్వాత రంగు వేశారు."

"ముందు పెట్టి ఉంటే ఆ వెల్డింగు మీద కూడా పసుపు రంగు ఉండాలి. లేదు. పైగా వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న పసుపు రంగు కాలి బుడగలొచ్చింది. ఆ సంగతే తెలియలేదంటే అది మీరు చేసిన పని కాదు. ఎవరు చేశారో మీకు తెలుసు."

వెల్డరు ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మీకు దణ్ణం పెడతానమ్మా. దానికి తెలీదు. తెలిస్తే అది బతకదు. మేనమామంటే దానికి ప్రాణం. నన్నిలాగే ఉండనివ్వండి."

స్టూలు మీంచి లేవడానికి డిటెక్టివ్‌కి చాలాసేపు పట్టింది. చెప్పకపోతే నిర్దోషికి శిక్ష పడుతుంది. చెబితే ఆ పిల్ల జన్మంతా కుమిలి చస్తుంది. డబ్బు తీసుకుని చేసే పనుల్లో ఇంతకంటే పాడుపని ఇంకోటి ఉండదనిపించింది.

*

"ఆ దీపమా? నేనే పెట్టాను," కూతురు దాచుకోకుండా చెప్పేసింది. "మామయ్యకి కిందేం కనిపించట్లేదు మేడమ్. యజమానికి తెలిస్తే పీకేస్తాడని ఏడ్చాడు. రంగు వేసిన వాళ్లు నిచ్చెనలు తీసెయ్యక ముందే ఎక్కి పెట్టేశాను. ఎందుకడుగుతున్నారు?"

డిటెక్టివ్ పక్కనే మెట్టు మీద కూర్చుంది. "ఎలా చేశావు?"

"చుట్టూ నిండుగా వేశాను. నాలుగు పక్కలా. నా చేతి వెల్డింగుల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. తలకిందులుగా చెయ్యాలి కదా, అయినా ఒక్క చుక్క జారలేదు." ఆ మాట చెబుతుంటే, అంత దుఃఖంలోనూ ఆ గొంతులో గర్వం తొంగి చూసింది. అంతలోనే ఆమెకి అనుమానం వచ్చింది. "ఆ దీపం కిలో బరువు కూడా ఉండదు మేడమ్. దాంతో దూలానికేంటి సంబంధం? నా వెల్డింగ్ ఊడిందా?"

"ఊడలేదమ్మా."

"మరి?"

"ఊడి ఉంటే మీ మామయ్య బతికేవాడు."



డిటెక్టివ్ ఆ పిల్ల చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, ప్రయోగశాలలో తాను నేర్చుకున్నదంతా చెప్పింది. బరువెత్తిన ప్రతిసారీ దూలం కనపడనంతగా కిందికి వంగుతుందని, అడుగు పక్క సాగుతుందని, దింపినప్పుడు మళ్లీ సర్దుకుంటుందని, ఆ సాగుడంతా వెల్డింగు అంచు దగ్గర పోగుపడుతుందని చెప్పింది. "తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికేమవుతుంది? అదే. పలక మోసే బరువుతో పని లేదు. పలక అక్కడ ఉండటమే ముప్పు. నువ్వు ఎంత బాగా అతికిస్తే దూలం సాగుడు అంత బాగా ఆ పలకలోకి ఎక్కుతుంది. పగులు అక్కడే పుడుతుంది."

"నాన్నకి తెలుసా?"

"చూడగానే తెలిసింది. అందుకే ఊడగొట్టాడు. అందుకే లోపల తనే పెట్టానని నెత్తిన వేసుకుంటున్నాడు."

క్యారేజీ మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. అన్నం చెల్లాచెదురైంది. కూతురు దానివంక చూడలేదు. ఏడవలేదు కూడా. "మామయ్యని నేనే చంపాను," అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. రెండోసారి అదే మాట అనబోయి సగంలో ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి.

"మేడమ్. రెండో క్రేన్."

"ఏంటి?"

"మామయ్య దీపం చూసి బాబాయ్ తనకీ కావాలన్నాడు. రెండో క్రేన్ నడిపే బాబాయ్. అదే వారం దానికీ పెట్టాను."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది డిటెక్టివ్‌కి. షెడ్డు అవతలి చివర రెండో క్రేన్ ఉన్న సంగతి ఆమెకి తెలుసు. నేల మీద పడ్డదాన్ని భూతద్దం పెట్టి వెతికిన మనిషి, నెత్తి మీద ఉన్నదానికేసి తలెత్తి చూడలేదు! మధ్యాహ్నం ముక్కలు తీసేస్తున్నారు. అంత బరువైన దూలం ముక్కల్ని దేంతో ఎత్తుతారు? షెడ్లో మిగిలింది అదొక్కటేగా!

ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసింది. కట్ చేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశాడు.

*

వాళ్లు షెడ్లోకి పరిగెత్తేసరికి దూలం ముక్క నేల విడిచి మనిషెత్తు లేచింది. కింద ఇన్‌స్పెక్టరు, యజమాని, ఓ పదిమంది పనివాళ్లు ఉన్నారు. రెండో క్రేన్ దూలం నడుమ దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది.

"ఆపండి! అందరూ ఇవతలికి రండి!" డిటెక్టివ్ గొంతు చించుకుంది.

"వచ్చారా?" ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "సాక్ష్యం పోతుందని ఈ నాటకమేంటి మేడమ్? ఎత్తవయ్యా నువ్వు, ఎత్తు."

పైన క్యాబిన్లో ఆపరేటరు ఎవరి మాట వినాలో తెలియక తటపటాయించాడు. గొలుసు కిర్రుమంది. ముక్క ఇంకాస్త లేచింది.

అప్పుడు కూతురు డిటెక్టివ్‌ని దాటుకుని వెళ్లి, ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబడింది. షెడ్డంతా వినపడేలా అరిచింది. "ఆ దీపం పెట్టింది నేను! కూలిన క్రేన్‌కి పెట్టిందీ నేనే. మా మామయ్య చచ్చింది నా వెల్డింగు వల్ల. మా నాన్నకేం తెలీదు. నన్ను తీసుకుపోండి. ముందు దాన్ని దించమనండి. బాబాయ్, మెల్లగా దించు! కుదపకు!"

స్టోర్‌కీపరు చేతిలోని తాళాల గుత్తి జారి పడింది. ఇన్‌స్పెక్టరు ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. ఎన్నో ఏళ్లుగా అబద్ధాలు విన్న మనిషి, నిజం వినబడితే గుర్తుపట్టగలడు. చెయ్యి పైకెత్తాడు. "దించు. మెల్లగా. మిగతావాళ్లంతా బయటికి!"

ముక్క అంగుళం అంగుళం దిగింది. నేల తాకింది. కొక్కెం వదులైంది. క్యాబిన్లోంచి ఆపరేటరు నిచ్చెన దిగాడు. డిటెక్టివ్ తన ఫోన్ కెమెరాని దీపం మీదికి తిప్పి, బొమ్మని పెద్దది చేసి, ఇన్‌స్పెక్టరుకి అందించింది. పలక అంచు దగ్గర పసుపు రంగు చిట్లి ఉంది. ఆ చిట్లిన చోటు నుంచి తుప్పు గీత ఒకటి బయల్దేరి, దూలానికి అడ్డంగా అటూ ఇటూ పాకింది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసేశాడు. తర్వాత చాలా మెల్లగా, ఇంట్లో పిల్లని అడిగినట్టు అడిగాడు. "అమ్మాయ్, ఇంకెక్కడైనా పెట్టావా?"

"లేదు సార్. నేను పెట్టినవి రెండే."

డిటెక్టివ్‌కి ఆ "నేను" అన్న మాట నచ్చలేదు. "నువ్వు కాక?"

కూతురు ఫోన్ తీసింది. దాని తాళం తియ్యబోయి మూడుసార్లు తప్పు నొక్కింది. "శిక్షణ కేంద్రంలో మా బ్యాచ్ వాళ్లకి ఒక గ్రూప్ ఉంది. దీపం ఫోటో పెట్టాను మేడమ్. వెల్డింగ్ ఎంత బాగా వచ్చిందో చూడమని. ఎలా చెయ్యాలో వీడియో కూడా పెట్టాను."

తెర మీద మెసేజీలు కదిలాయి. అదిరింది. మా షెడ్లో కూడా పెట్టేశాం. మా దగ్గర మూడు క్రేన్లకీ పెట్టించారు. చివరి ఫోటో దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఎగ్జిబిషన్‌లో తిరిగే జెయింట్ వీల్. దాని ప్రతి చువ్వకీ వరసగా దీపాలు. కింద రాసి ఉంది: నీ పద్ధతే! ఎంత బాగుందో చూడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు వైపు పరిగెత్తుతున్నాడు. కూతురు ఆ ఫోటో పెట్టిన స్నేహితురాలి నంబరు నొక్కి ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతలి వైపు నుంచి పాటల హోరు, దాన్ని మించి పిల్లల కేరింతలు వినపడ్డాయి.

"ఆపు! చక్రం ఆపు!" అని అరిచింది.

"ఏంటే? వినపడి చావట్లేదు," అంది స్నేహితురాలి గొంతు సంతోషంగా. "సెలవు కదా, చక్రంలో ఒక్క సీటు ఖాళీ లేదు. తర్వాత చేస్తా, ఉంటానే!"